వామన చరిత్ర: బలి నిర్ణయంలో వివేకం, వైరాగ్యం

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్రను మనం సాధారణంగా దానగుణానికి ఉదాహరణగా చదువుతాం. దీన్నే ఒక నైతిక నిర్ణయంగా పరిశీలిస్తే మరో ప్రశ్న ఎదురవుతుంది. సంపదను వదులుకున్నవాడు కోరికను కూడా వదులుకున్నట్టేనా?

శుక్రుని వివేకం

మూడడుగుల నేల ఇస్తానని బలి మాట ఇచ్చిన తరువాత, వచ్చిన వటువు విష్ణువేనని శుక్రాచార్యుడు హెచ్చరిస్తాడు. ఆయన చెప్పింది నిజమే. జరగబోయేదాన్ని కూడా సరిగ్గా ఊహించాడు. అయితే ఆ జ్ఞానాన్ని రాజ్యం నిలుపుకోవడానికే వినియోగించాడు. ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చునని ధర్మసూక్ష్మం బోధించాడు. ఆయనకు తెలివి లోపించలేదు, వైరాగ్యం లోపించింది. రాజ్యకాంక్ష ముందే నిర్ణయం తీసుకోగా, శాస్త్రం దానికి కారణాలు సమకూర్చింది.

బలి త్యాగం

ఎందరో రాజులు వచ్చారనీ, ఎవరూ సిరిని మూటగట్టుకొని పోలేదనీ బలి బదులిస్తాడు. అయితే ఆ సమాధానంలోనే, అడిగినవారికి ఇచ్చినవారిని లోకం మరువలేదని కూడా అంటాడు. లక్ష్మిని లాలించిన చేయి కింద, తన చేయి పైన ఉండటం గొప్ప కాదా అని పొంగిపోతాడు. ధనకాంక్ష పోయింది కాని కీర్తికాంక్ష మిగిలింది. ఇందువల్ల బలి స్థాయి తగ్గదు. రాజ్యం పోయి బంధితుడైనప్పుడు కూడా, తాను భయపడేది అసత్యానికేనంటూ మూడో అడుగుకు తల చూపాడు. వైభవంలో ఇచ్చిన మాట ఓటమిలోనూ నిలిచింది.

వింధ్యావళి దృష్టి

పాఠకులు త్వరగా దాటిపోయే పాత్ర బలి భార్య వింధ్యావళి. లోకాలు భగవంతుని క్రీడకోసం ఏర్పడ్డాయనీ, వాటికి తామే ప్రభువులమనుకోవడం అవివేకమనీ ఆమె అంటుంది. ఈ మాటతో 'నేను ఇచ్చాను' అనే భావానికే ఆధారం పోతుంది. తనది కానిదాన్ని ఎవరు దానం చేయగలరు? అయినా ఆమె కోరేది భర్త విడుదలను. కనుక ఇక్కడ వైరాగ్యమంటే ప్రేమను విడవడం కాదు, 'నాది' అనే పట్టును సడలించుకోవడం.

గుర్తుండిపోయే పద్యాలు ఎక్కువగా బలి, శుక్రుల సంవాదంలోనే ఉండటంవల్ల చాలామంది చదువు అక్కడే ఆగిపోతుంది. అక్కడ ఆగితే దాత గొప్పతనం తెలుస్తుంది కాని దాతృత్వంలో దాగిన అహంకారం తెలియదు. వింధ్యావళి మాటల వరకు చదివితేనే కథలోని నైతిక విచారణ పూర్తవుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

శుక్రుని సలహాను కేవలం స్వార్థంగా తోసిపుచ్చవచ్చునా? శిష్యుని క్షేమం కోరే గురువు బాధ్యతను దృష్టిలో ఉంచుకొని చర్చించండి.