వీరతాడు పడిన మాట

ఘటోత్కచుడి కొలువులో ఒక బడి నడుస్తుంటుంది. గురువు చిన్నమయ్య. దుష్టచతుష్టయం అనండ్రా అంటే శిష్యులకు నోరు తిరగదు, ‘దుసట చతుసటయం’ అంటారు. అస్మదీయులంటే మనవాళ్ళని తేలాక, మనవాళ్ళు కానివాళ్ళకి తస్మదీయులు అనే మాట ఒకటి పుట్టుకొస్తుంది. అలాంటి మాట అసలుందా అన్న మీమాంస జోలికి నాయకుడు పోడు. ఎవరో ఒకరు పుట్టిస్తేనే కదా మాటలు పుట్టేది అని తేల్చేసి, పుట్టించినవాళ్ళకి వీరతాడు వేయిస్తాడు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఆ సీను చూసి నవ్వని తెలుగువాళ్ళు అరుదు. ఈ కాలమ్ రాసే మనిషీ చిన్నప్పుడు పడీపడీ నవ్వాడు. ఇప్పుడు చూస్తే నవ్వుతోపాటు కాస్త అసూయ. మాటలు రాసి బతికేవాళ్ళకి బయట వీరతాళ్ళు ఎవరు వేస్తారు?

సంస్కృతం చదివినవాళ్ళు తస్మదీయులు తప్పంటారు. నిజమే. అస్మద్ నుంచి అస్మదీయం, యుష్మద్ నుంచి యుష్మదీయం, తద్ నుంచి తదీయం వస్తాయి. తస్మద్ అనే శబ్దమే లేదు. రచయిత పింగళి నాగేంద్రరావు తెలియక రాశాడనుకుంటే మనమే తస్మదీయుల లెక్కలోకి పోతాం. తదీయులు అని ఒప్పుగా రాసుంటే అది పంతులుగారి మాటయ్యేది. విన్న మాటకు జత మాటని అదే అచ్చులో పోసుకోవడం పిల్లలు చేసే పని, కొత్తగా ఒక భాషలోకి వచ్చినవాళ్ళు చేసే పని. రాక్షసులు అక్షరాలు దిద్దుకుంటున్నారని ఒక్క మాటతో తెలిసిపోయింది.

లేని లోకానికి భాష కట్టడం అనే విద్యకి ఇవాళ పెద్ద గిరాకీ ఉంది. హాలీవుడ్‌లో దాన్ని జీవనోపాధి చేసుకున్న భాషావేత్తలున్నారు. మన దగ్గర ఆ లెక్కలో మొదట గుర్తొచ్చేది 2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగం. అందులో కాలకేయులు మాట్లాడే కిలికిని తయారుచేసినవాడు తమిళ గీత రచయిత మదన్ కార్కి. ఆస్ట్రేలియాలో చదువుకునే రోజుల్లో పిల్లల్ని ఆడించడానికి ఓ వంద మాటలతో ఆయన సరదాగా అల్లిన భాషే దీనికి విత్తనం. రాజమౌళి సినిమాకొచ్చేసరికి అది సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాల దాకా పెరిగింది. ‘మిన్’ అంటే నేను, దాన్ని తిరగేస్తే ‘నిమ్’, అంటే నువ్వు. చూడముచ్చటైన ఏర్పాటు. కాలకేయ నాయకుడిగా ప్రభాకర్ ఆ మాటల్ని గొంతు చీల్చుకుని ఎంత గట్టిగా పలికాడంటే, ఆ తర్వాత ఆయన పేరే కాలకేయ ప్రభాకర్ అయిపోయింది.

కిలికిలో నాలుకతో కొట్టే టక్కు చప్పుళ్ళు కూడా ఉన్నాయి. అవి వింటే భయం పుట్టాలని సినిమా ఉద్దేశం. ఇక్కడే కొంచెం ఇబ్బంది. దక్షిణాఫ్రికాలో జులూ, హోసా భాషలకు ఆ చప్పుళ్ళు మామూలు హల్లులు. నెల్సన్ మండేలా తల్లి ఒడిలో నేర్చుకున్న భాష హోసానే. మనం మాత్రం తక్కువ తిన్నామా? ఎవరి కష్టమైనా వింటే ‘ట్చ్ ట్చ్’ అంటాం, ఎద్దును అదిలించడానికి బుగ్గలో నాలుక కొడతాం. వర్ణమాలలో చోటివ్వలేదు గానీ జాలి పడటానికి ఆ చప్పుడే కావాలి. మనకు జాలి పలికే చప్పుడు తెర మీద క్రూరత్వానికి గుర్తయింది.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. కాలకేయులకి భాష ఉంది, ఊరు లేదు. సినిమాలో వాళ్ళు యుద్ధానికొచ్చారు, అరిచారు, చచ్చారు. వాళ్ళలో మేనమామని ఏమని పిలుస్తారు? అన్నం ఉడికిందా అని ఎలా అడుగుతారు? అలిగిన పెళ్ళాన్ని ఏమని బుజ్జగిస్తారు? తెర మీద ఆ సందర్భమే రాలేదు. తప్పు కార్కిది కాదు, కథ ఆ జాతికి యుద్ధభూమి తప్ప ఇంకో చోటివ్వలేదు. తర్వాత ఆయన ఆ భాషకి లిపి కట్టి, మాటలు పెంచి, 2020లో మాతృభాషా దినోత్సవం నాడు అందరి ముందూ పెట్టాడు. గాయని స్మిత కిలికి మాటలతో ఓ పాప్ పాట కూడా చేసింది. అయినా మన ఇళ్ళలో కిలికి మాట ఒక్కటీ నిలవలేదు.

ఇదే చిక్కు క్లింగాన్ భాషకీ వచ్చింది. 1984లో ‘స్టార్ ట్రెక్’ మూడో సినిమా కోసం మార్క్ ఓక్రాండ్ దాన్ని కట్టాడు. మనుషుల భాషలా అనిపించకూడదని కర్మ, క్రియ, కర్త అనే వరసను ఎంచుకున్నాడు, ప్రపంచ భాషల్లో అది బహు అరుదు. తెలుగువాళ్ళని భయపెట్టడానికి మాత్రం పనికిరాదు. ‘అన్నం తిన్నాడు రాముడు’ అంటే మనకి కథ చెప్తున్నట్టే ఉంటుంది. క్లింగాన్లకి నమస్కారం లేదు. ఎదురుపడితే వాళ్ళనే మాటకి ‘ఏం కావాలి నీకు’ అని అర్థం. ఆ ఒక్క మాటలో జాతి జాతంతా కనపడుతుంది. కానీ అమెరికాలో ఒక భాషావేత్త తన పసివాడితో మూడేళ్ళు క్లింగాన్‌లోనే మాట్లాడి చూశాడు. అంతరిక్ష నౌకకి మాటలున్నాయి, ఇంట్లో ఉన్న బల్లకి లేదు. పిల్లాడు కొన్నాళ్ళకి ఆ భాషను పట్టించుకోవడం మానేశాడు.

దోత్రాకీది కాస్త మేలు. ‘గేమ్ ఆఫ్ త్రోన్స్’ కోసం డేవిడ్ పీటర్సన్ కట్టిన ఆ భాష గుర్రాల మీద బతికేవాళ్ళది. బాగున్నావా అని అడగాలంటే ‘స్వారీ బాగా సాగుతోందా’ అన్నట్టు అడుగుతారు. థ్యాంక్స్‌కి మాట లేదు. మనకీ ఆ మాట ఇంట్లో ఎంత వాడతామో తెలిసిందే. అమ్మ అన్నం పెడితే ధన్యవాదాలు అని చూడండి, జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూస్తుంది.

వీళ్ళందరికీ పెద్దాయన టోల్కీన్. ఎల్ఫుల భాషల్లో ఒకదానికి ఫిన్నిష్, ఇంకోదానికి వెల్ష్ నాదం అద్ది, ముందు భాషలు కట్టి ఆ తర్వాత వాటికి లోకం కట్టినవాడు. తను కట్టిన భాషల్ని ఎంత నమ్మాడో చెప్పే ముచ్చట ఒకటుంది. ఒక అభిమాని స్టీలు పానపాత్ర మీద ఆయన నవలలోని ఉంగరం తాలూకు దుష్టభాష చెక్కించి పంపాడు. టోల్కీన్ దాంతో ఏనాడూ ఏమీ తాగలేదు, పొగాకు బూడిద రాల్చడానికి వాడుకున్నాడు.

పింగళి దగ్గర ఇన్ని సూత్రాలు లేవు. ఆయన రాక్షసులు మాట్లాడేది తెలుగే. కానీ వాళ్ళకో బడి ఉంది, గురువున్నాడు, తప్పు పలికితే దిద్దేవాళ్ళున్నారు, కొత్త మాట పుట్టిస్తే బహుమతి ఉంది, నాయకుడొస్తే అనే ‘హై హై నాయక’ ఉంది. ఆ దుసట చతుసటయాన్నే తీసుకోండి. జంటాక్షరం విడగొట్టి మధ్యలో అచ్చు పెట్టడం రాక్షసుల పనా? రత్నాన్ని రతనమనీ, యత్నాన్ని జతనమనీ చేసింది మనమే కదా. రాక్షసుల్ని చూసి నవ్వుకుంటున్నామనుకుంటూ మన తాతల నోటినే చూసి నవ్వాం.

మాయా విడిదింట్లో సామాను సంగతి ఇంకా బాగుంటుంది. తల్పానికి జతగా గిల్పం, కంబళికి జతగా గింబళి. పెళ్ళీ గిళ్ళీ, పులీ గిలీ అని మనం రోజూ అనేదే. ఆ ‘గి’ మాటకి సొంతంగా అర్థం ఉండదు, వగైరా అన్నట్టు తోక మాత్రమే. పింగళి ఆ తోకను పట్టి లాగి, దానికో వస్తువు తగిలించాడు. గిల్పం నిజంగానే ఉంది, మగపెళ్ళివారిని ముప్పుతిప్పలు పెట్టింది కూడా. వ్యాకరణ పుస్తకం రాయకుండా వ్యాకరణంతో ఆడుకోవడం అంటే అది. తెలుగులో లోకాలు కట్టాలనుకునే కుర్ర రచయితలు నిఘంటువు మొదలెట్టే ముందు ఆ సీను ఇంకోసారి చూస్తే మంచిది.

‘మాయాబజార్’ వచ్చి అరవై ఏడేళ్ళు దాటాయి. కాంట్రాక్టులు ఎవరికి దక్కాయో, బదిలీలు ఎవరి మీద పడ్డాయో రాయాల్సొచ్చినప్పుడు తెలుగు పత్రికల్లో అస్మదీయులు, తస్మదీయులు అన్న జంట ఇప్పటికీ హెడ్డింగులకెక్కుతోంది. తదీయులు అన్న ఒప్పు మాట ఏ హెడ్డింగులోనూ చూసిన గుర్తు లేదు.