'వ్యాప్తి' అనే మాట: అశ్వ రక్తపరీక్షల నుండి ఉద్దానం దాకా

ఉపోద్ఘాతం

ఒక వ్యాధి ఎందరిలో ఉన్నదో తెలిపే శాతాన్ని తెలుగు వైద్యరచనల్లో తరచు 'వ్యాప్తి' అంటున్నాం. వ్యాధి కొత్తగా పాకడాన్నీ అదే మాటతో చెబుతున్నాం. ఉన్నదానినీ, పెరుగుతున్నదానినీ ఒకే పదం మోయడం వల్ల కలిగే పొరపాటును చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. గుర్రాలకు సోకే ఏకకణ పరాన్నజీవుల సర్వేలు ఇందుకు చక్కని ఆకరం. ఆ పొరపాటు ఖరీదు మనకు తెలిసే చోటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం.

ఒకే కొలత - రెండు అర్థాలు

1880లో గ్రిఫిత్ ఇవాన్స్ డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో 'సర్రా' వ్యాధికారక జీవిని గుర్తించాడు. ట్రిపనోసోమా ఇవాన్సీ అన్న పేరు ఆయన మీదుగా వచ్చిందే. జోరీగలు కుట్టి దానిని వ్యాపింపజేస్తాయి. చికిత్స అందని గుర్రం సాధారణంగా మరణిస్తుంది. పిడుదుల ద్వారా సోకే థైలేరియా ఈక్వీ తీరు వేరు. కోలుకున్న గుర్రం కూడా ఆ జీవిని ఏళ్ల తరబడి రక్తంలో మోస్తూ ఉంటుంది.

సర్వేకు రక్తం తీసేది బతికి ఉన్న గుర్రాల నుండే. సర్రాతో చనిపోయినవి లెక్కలోకి రావు. కాబట్టి యాంటీబాడీలున్న గుర్రాల శాతం తక్కువగా ఉంటే, అది వ్యాధి సోకకపోవడానికి గుర్తు కావచ్చు, సోకినవి మరణించాయనడానికీ గుర్తు కావచ్చు. థైలేరియా విషయంలో ఏళ్లనాటి సోకుడంతా పోగుపడి కనిపిస్తుంది. అక్కడ ఎక్కువ శాతం ఈ ఏటి ఉధృతి కానక్కరలేదు.

ఉద్దానం లెక్క

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల కిడ్నీ వ్యాధి అంటువ్యాధి కాదు. దానికి ఇదీ కారణమని ఒక్కటి నిర్ధారణ కాలేదు. అయినా లెక్క స్వభావం ఒక్కటే. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం 2,210 మందిని పరీక్షించి, 18.23 శాతం మందిలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిని గుర్తించింది. వారంతా సర్వేనాటికి జీవించి ఉన్నవారు. అప్పటికే ఈ వ్యాధితో పోయినవారికి ఆ శాతంలో చోటు లేదు.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలిసిస్‌తో రోగుల ఆయువు పెరిగితే, కొత్త రోగులు పెరగకపోయినా రేపటి సర్వేలో శాతం పెరుగుతుంది. దానిని 'వ్యాప్తి పెరిగింది' అని రాస్తే వైద్యం సాధించిన ఫలితాన్ని వైఫల్యంగా చదివించినట్లే. మరణాలు పెరిగి శాతం తగ్గినప్పుడు 'వ్యాప్తి తగ్గింది' అని రాయడం అంతకన్నా ప్రమాదం. అప్పుడు సాయం కూడా తగ్గిపోవచ్చు.

ముగింపు

సర్వేనాటి శాతాన్ని 'ఉనికి శాతం' అనీ, ఒక ఏడాదిలో కొత్తగా వ్యాధికి లోనైనవారి లెక్కను 'కొత్త కేసుల రేటు' అనీ వేర్వేరుగా వ్యవహరించడం మేలు. వాటి పక్కన మరణాల లెక్కనూ, వయసువారీ విభజననూ ఇవ్వాలి. గుర్రాల సర్వేకైనా, ఉద్దానం సర్వేకైనా ఈ నియమం వర్తిస్తుంది. పదం సరిగా లేని చోట అంకె ఎంత కచ్చితమైనా అర్థం తప్పుతుంది.