జెండా పాటకు నిలిచే కాయ

2023లో ఇంగ్లండ్‌లోని హారోగేట్ పూల ప్రదర్శనలో ఒక ఉల్లిగడ్డ 8.97 కిలోలు తూగి ప్రపంచ రికార్డు కొట్టింది. అక్కడి పోటీల్లో బరువొక్కటే లెక్క కాదు. వరసగా పేర్చిన ఉల్లిగడ్డలు రంగులో, ఆకారంలో అచ్చం ఒకే తీరుగా ఉన్నాయా అని చూసే విభాగాలూ ఉంటాయి. ఈ రెండో సంగతి మా తల్లాడ మిర్చి రైతుకు ఇట్టే అర్థమవుతుంది. ఆయనకు కప్పు ఇచ్చేవాళ్లు లేరు. ఉన్నదల్లా ఖమ్మం మార్కెట్లో జరిగే జెండా పాట.

యార్డుకు వచ్చిన సరుకులో మేలైన రాశికి ఖరీదుదారులు పోటీపడి పాడే ధర అది. ఆ రోజు ఊళ్లన్నీ చెప్పుకునేది ఆ అంకెనే. మా దిక్కు ఎక్కువగా వేసేది తేజ రకం. సన్న కాయ, మంచి ఘాటు, చైనా దాకా పోతుంది.

చేలో పండించడం సగం పనే. కాయ నిగ్గు తేలేది కల్లంలో. కోసిన పండు కాయను ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచితే, పూర్తిగా పండనివి కూడా ఎరుపు తిరుగుతాయి. ఆ తర్వాత పలచగా ఆరబోయాలి. పొద్దున మంచు ఆరాకే పరచాలి, పొద్దుగూకక ముందే దగ్గరికి చేసి పట్టా కప్పాలి, మధ్యలో తిరగేస్తుండాలి. ఎండను బట్టి పది రోజులో, రెండు వారాలో. పచ్చి మిగిలితే బస్తాలో బూజు పడుతుంది. మరీ ఎండితే తొక్క పెళుసై గింజ రాలుతుంది, రంగు వెలుస్తుంది. తేమ 10, 11 శాతానికి మించొద్దని అధికారులు చెబుతారు. రైతు మాత్రం గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఊపుతాడు. గింజ గలగలమనాలి, తొడిమ ఊడొద్దు.

ఇక తాలు ఏరడం. తెల్లబారినవి, మచ్చ పడ్డవి ఒక పక్కకు తీస్తారు. తాలుకు మంచి కాయ కంటే చాలా తక్కువ ధరే వస్తుంది. తొలి కోత కాయలో చివరి కోత కాయ కలిపితే రాశి చూడగానే దొరికిపోతుంది. ఈ ఏరుడంతా ఆడవాళ్ల కంటిచూపు, వాళ్ల వేళ్ల వేగం. సరుకు అమ్మాక ఇచ్చే తక్‌పట్టీ మీద మాత్రం పేరు ఇంటాయనదే ఉంటుంది. నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

అయితే జెండా ధర దక్కేది ఏ ఒకరిద్దరి రాశికో. మిగతా బస్తాలన్నీ అంతకంటే కిందే తెగుతాయి, ఒక్కోసారి చాలా కిందే. ఉల్లిగడ్డ పోటీలో ఓడినవాడు ఇంటికెళ్లి కూర వండుకుంటాడు. ఇక్కడ ఓడితే మిగిలేది అప్పు. 2017 ఏప్రిల్ 28న, ధరలు కుప్పకూలిన రోజుల్లో, ఖమ్మం యార్డులో రైతుల కోపం కట్టలు తెంచుకుంది. ఆ గొడవలో కేసులు పడ్డ పది మంది రైతులను మే నెలలో బేడీలతో కోర్టుకు తీసుకురావడం పెద్ద దుమారమే లేపింది.

అయినా సీజన్ వస్తే వైరా మీదుగా బస్తాల బండ్లు ఖమ్మం దారి పడతాయి. పాట మొదలయ్యేదాకా యార్డులో ఎవరూ కుదురుగా కూర్చోరు. పక్కాయన బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి, చెవి దగ్గర ఊపి, మాట్లాడకుండా మళ్లీ అందులోనే పోస్తారు.