చంద్రి వెళ్లిపోయాక

యు.ఆర్. అనంతమూర్తి 1965లో కన్నడంలో రాసిన ‘సంస్కార’ నవల గురించి నాకు ఇన్నేళ్లలో ఒక్క అభిప్రాయం స్థిరపడలేదు. చదివిన ప్రతిసారీ ఆ రచయితకు దండం పెట్టాలనిపిస్తుంది, ఆయనతో పోట్లాడాలనీ అనిపిస్తుంది.

దూర్వాసపురం ఒక మాధ్వ బ్రాహ్మణ అగ్రహారం. అక్కడ నారణప్ప చచ్చిపోతాడు. బతికినన్నాళ్లూ తాగాడు, మాంసం తిన్నాడు, సాలగ్రామాన్ని ఏట్లోకి విసిరాడు, పెళ్లాన్ని వదిలేసి చంద్రి అనే బ్రాహ్మణేతర స్త్రీని ఇంట్లో ఉంచుకున్నాడు. కానీ అతన్ని ఎవరూ వెలివేయలేదు, కాబట్టి బ్రాహ్మణుడిగానే పోయాడు. మరి కర్మ ఎవరు చేయాలి? శవం లేచేదాకా అగ్రహారంలో ఎవరూ అన్నం ముట్టకూడదు. దహనం ఖర్చుకని చంద్రి తన ఒంటిమీది బంగారం తీసి ముందు పెట్టగానే, అప్పటిదాకా మాకొద్దన్నవాళ్లకు హఠాత్తుగా చుట్టరికాలు గుర్తొస్తాయి. తీర్పు చెప్పాల్సిన అగ్రహారపు పెద్ద పండితుడు ప్రాణేశాచార్య తాళపత్రాలన్నీ వెతుకుతాడు. మారుతి గుడికి వెళ్లి అడుగుతాడు. దేవుడు పలకడు.

ధర్మసందేహాన్ని వాదనగా కాక కుళ్లుతున్న దేహంగా మన ముందు పడేయడం అనంతమూర్తి శక్తి. శాస్త్రచర్చ ఎంతకాలమైనా సాగుతుంది, శవం ఆగదు. ఎలుకలు రాలతాయి, ఇళ్ల కప్పులమీద రాబందులు వాలతాయి. ప్లేగు. ఆకలితో, వాసనతో, భయంతో మతం గురించి ఆలోచించక తప్పని స్థితికి పాఠకుణ్ణి తోసిన నవలలు మన భాషల్లో ఎన్నున్నాయి?

నా తగాదా చంద్రి దగ్గర మొదలవుతుంది. పండితులంతా తేల్చలేనిదాన్ని ఆమె ఒక్క రాత్రిలో ముగిస్తుంది. చేపల వ్యాపారి అహ్మద్ బారి సాయంతో శవాన్ని దహనం చేయించి, కుందాపురం వెళ్లిపోతుంది. ఆచార్యకు ఆ సంగతి తెలియనే తెలియదు. నవల మాత్రం ఆమెను అక్కడే వదిలేసి, అగ్రహారం విడిచి వెళ్లిన ఆయన వెంట నడుస్తుంది. మారుతి గుడి నుంచి తిరిగొస్తూ ఆమెతో కలిసి, అడవి చీకట్లో ఆమె ఒడిలో మేలుకున్నది ఆయన కాబట్టి, పతనమైనా మేల్కొలుపైనా ఆయనదే! ఆమె మనసులో ఏం జరిగిందో చెప్పడానికి కొన్ని పేజీలే దక్కాయి. బ్రాహ్మణ స్త్రీలంతా వాడిపోయినవాళ్లు, చంద్రీ, దళిత యువతి బెళ్లీ నిండు దేహాలు. ఇది ఆ అగ్రహారపు మగవాళ్ల చూపేనని సమర్థించవచ్చు. నాకు మాత్రం అక్కడక్కడా రచయిత చూపు కూడా అందులో కలిసిపోయినట్టే ఉంటుంది. దళితవాడలో జ్వరంతో పోయినవాళ్లను గుడిసెతో సహా తగలబెడతారు. అక్కడ ధర్మసందేహం లేదు, అక్కడి దుఃఖానికి నవలలో చోటూ లేదు.

1970లో ఈ కథను సినిమాగా తీసింది మన నెల్లూరు కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ పట్టాభి. మద్రాసు సెన్సారు బోర్డు మొదట అడ్డుకున్నా, ఆ ఏటి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దానికే వచ్చింది. చంద్రిగా నటించింది ఆయన భార్య స్నేహలత. ఎమర్జెన్సీలో ఆమెను బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసంతో నలిగి, విడుదలైన కొద్దిరోజులకే 1977 జనవరిలో చనిపోయింది. ఆ సంగతి తెలిశాక, నవలలో చంద్రి మౌనంగా ఉన్న చోటల్లా నాకు ఆ మౌనాన్ని ఒప్పుకోవడం మరీ కష్టమైంది.

అయినా ఈ పుస్తకాన్ని మా ఇంటి పిల్లలకు ఇస్తాను. చివర ఆచార్య బండెక్కి అగ్రహారానికి తిరిగి బయల్దేరతాడు, అక్కడ ఏం ఒప్పుకుంటాడో మనకు తెలియదు. ఆయన ఏం చెప్పి ఉంటాడని విమర్శకులు ఊహిస్తూనే ఉన్నారు. పిల్లలు చదివాక వాళ్లను నేను అడగదలచుకున్నది వేరు: ఆయన నోరు విప్పితే అది చంద్రి కథ కూడా కదా, ఆమెను అడిగేవారెవరు?