ఇంజన్ కన్నా ముందు ఇరుసు

రెండేళ్లకోసారి మేడారం జాతరకు బండి కట్టే ముందు వరంగల్ పల్లెల్లో పెద్దవాళ్లు ఎడ్ల కన్నా ముందు ఇరుసును చూసేవారు. సీల వదులైందా, కుండలో అరుగుదల ఎంతుంది, కందెన ఆరిపోయిందా అని తడిమి చూశాకే కాడి ఎత్తేవారు. ఎద్దు అలిసిపోతే చెట్టు కింద ఆపొచ్చు గానీ, అడవి దారిలో ఇరుసు విరిగితే కుటుంబమంతా దిగి నడవాల్సిందే. ఎడ్లబండ్ల తర్వాత జీపులు వచ్చాయి. పదిమంది ఎక్కాల్సిన జీపులో పదిహేనుమందిని కూర్చోబెట్టి ఊళ్ల మీద తిప్పిన కాలంలో, వెనక ఇరుసు విలువ డ్రైవరుకు, మెకానిక్కుకు బాగా తెలిసొచ్చింది.

ఇప్పటి కుర్రాళ్ల సరదా వేరు. పాత జీపు కొని, అందులో స్కార్పియో ఎంహాక్ డీజిల్ ఇంజన్ దించాలని చూస్తారు. 2017 చివర్లో వచ్చిన స్కార్పియో పై వేరియంట్లలో ఆ ఇంజన్ 140 గుర్రాల శక్తిని, 320 న్యూటన్ మీటర్ల టార్కును ఇస్తుంది. డబ్బంతా ఇంజన్‌కే పోస్తారు. ఇరుసు సంగతి చివర్లో, అదీ విరిగాక, గుర్తొస్తుంది.

లెక్క కష్టమేమీ కాదు. ఇంజన్ టార్కును మొదటి గేరు నిష్పత్తితో, తర్వాత క్రౌను పినియను నిష్పత్తితో హెచ్చించాలి. పాత ఇంజన్ 120 న్యూటన్ మీటర్లు, గేరు 4 రెట్లు, పినియను 5 రెట్లు అనుకుంటే ఇరుసు దగ్గర 2,400. అదే గేర్లతో కొత్త ఇంజన్‌కు 6,400. అయితే అదంతా ఇరుసు మీద పడాలంటే టైరు నేలను పట్టుకుని ఉండాలి. వెనక 700 కిలోల బరువు, 35 సెంటీమీటర్ల వ్యాసార్థపు చక్రం ఉన్న ఖాళీ జీపు తారురోడ్డు మీద రెండువేల చిల్లర దగ్గరే టైరు జారిపోయి ఇరుసును కాపాడుతుంది. జనాన్ని ఎక్కించినా, పెద్ద టైర్లు వేసినా, చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నా ఆ రక్షణ ఉండదు. గాల్లో గిర్రున తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా నేలను పట్టుకున్నప్పుడే ఇరుసు లోపల తిరిగే యాక్సిల్ రాడ్లు ఎక్కువగా తెగుతాయి. అందుకే గుర్రాల శక్తి ఎంత అని అడిగే ముందు బరువెంత, టైరెంత అని అడగాలి.

రాడ్డు బలం దాని మందానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. మందం పదో వంతు పెంచితే బలం దాదాపు మూడో వంతు పెరుగుతుందన్నమాట. తెగేది మాత్రం సాధారణంగా స్ప్లైన్ల దగ్గర. కాబట్టి స్క్రాపులో ఇరుసు ఎంచేటప్పుడు రాడ్డు బయటికి లాగి స్ప్లైన్ పళ్లు మెలితిరిగాయేమో చూడాలి. మెలి కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇరుసు రకం. ఎడ్లబండి ఇరుసు తిరగదు, బరువు మోస్తుంది, చక్రం దాని మీద తిరుగుతుంది. సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో ఒకే రాడ్డు బరువూ మోయాలి, చక్రాన్నీ తిప్పాలి. అది తెగితే చక్రమే ఊడి బయటికి రావచ్చు. ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువును హౌసింగ్ గొట్టం మోస్తుంది, రాడ్డుకు తిప్పడమే పని. రాడ్డు తెగినా చక్రం ఉన్నచోటే ఉంటుంది. మన వడ్ల వాళ్లు చెక్కిన పద్ధతి ఆ గొట్టంలో ఇంకా బతికే ఉంది. బరువు మోసే బండికి, కొండదారి పట్టే బండికి నా ఓటు దీనికే.

ఇక బిగింపు. కమాన్ పట్టీల సీట్లు వెల్డు చేసేటప్పుడు ఒకేచోట వేడి పెడితే గొట్టం వంగుతుంది, అటు కొంచెం ఇటు కొంచెం ఆపి ఆపి వేయాలి. క్రౌను పినియను పళ్లకు రంగు పూసి తిప్పి, మచ్చ పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు మార్చాలి. తొందరపడే మెకానిక్కులు వదిలేసేది ఈ పనినే, తర్వాత వెనకనుంచి ఊళ వేసేదీ అదే. ఫోర్ వీల్ బండిలో ముందు ఇరుసు నిష్పత్తి, వెనకది ఒకటే కావాలి. లేకపోతే గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచే ఒకదానితో ఒకటి పోట్లాడి ట్రాన్స్‌ఫర్ కేసును తినేస్తాయి. బ్రేకులు కూడా కొత్త ఇంజన్‌కు తగ్గట్టు ఉండాలని వేరే చెప్పాలా?

లారీ ఇరుసు తెచ్చి వేస్తే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు. దాని డిఫరెన్షియల్ గుండు కిందికి వేలాడి రాళ్లకు తగులుతుంది, బరువుకు బండి కుదుపులు పెరుగుతాయి. పైగా ఇరుసు మరీ గట్టిదైతే దెబ్బ గేరుబాక్సు మీద పడుతుంది. ఆ రెంటినీ కలిపే జాయింట్ రాడ్డు క్రాసే ముందు తెగేలా చూసుకోవడమే తెలివి. అది చవక, దారిలోనే మార్చుకోవచ్చు.

చివరగా చట్టం. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మూల నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఇంజన్ మార్పుకు ఆర్టీఓ అనుమతి తప్పనిసరి. కాబట్టి అనుమతి లేకుండా ఇంత శక్తి పెంచిన జీపు సొంత భూముల్లో, పోటీ మైదానాల్లో తిరగాల్సిందే. హన్మకొండ రోడ్ల మీద తిరగాలంటే మాత్రం పాత ఇంజన్‌నే బాగుచేయించి, ఇరుసు బేరింగులు, సీళ్లు కొత్తవి వేయించుకోండి.