ఊడిన పన్ను, వాచిన దవడ

అర్ధరాత్రివేళ ఇల్లంతయు నిద్రించుచుండగా, దవడను అరచేత బట్టుకొని వసారాలో పచార్లు చేయువాని దైన్యమును ఎఱుగని దంతవైద్యుడుండడు. అట్టివారు తెలతెలవాఱకమునుపే నా గుమ్మమున నిలిచియుండుట నాకు నిత్యానుభవము. అయినను, ఈ వృత్తిలో తల నెరసిన నాకు దృఢమైన అభిప్రాయమొకటి కలదు: నొప్పి అపాయమునకు కొలబద్ద కాదు. మిక్కిలి బాధించు పన్ను తెల్లవాఱువఱకు ఆగగలదు. అంతగా బాధింపని మఱికొన్ని ఆపదలు గంటసేపైనను ఆగజాలవు.

పడుకొనగానే పోటు హెచ్చుటకు కారణము సుబోధమే. పుప్పి లోతునకు దిగి పంటిలోని గుజ్జును తాకినపుడు, ఉబ్బుటకు చోటులేని గట్టిగోడల నడుమ అది వాచును. తల వాల్చినంతనే రక్తమచటికి అధికముగా జేరి ఒత్తిడిని పెంచును. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, సరిపడువారు పారాసిటమాల్ వేసికొని, తలగడ ఎత్తుగా పెట్టుకొనినచో ఆ రాత్రి గడచును. లవంగతైలమును దూదితో పుప్పిలో అద్దుటను నేను కాదనను; అందలి యూజినాల్ నరమును కొంత మొద్దుబఱచును. ఆస్పిరిన్ బిళ్లను చిగురుపై అదిమిపెట్టుట మాత్రము కూడదు. అది ఆమ్లము గనుక ఆ చోటు తెల్లగా కాలి, ఉన్న బాధకు పుండు తోడగును. రెండుమూడు దినములు సలిపిన పోటు తనంతట తానే మాయమైనచో నయమైనదని సంతసింపరాదు. లోపలి నరము చచ్చియుండవచ్చును. చీము ఇక మీదట పట్టును.

ఇక గంటసేపైనను ఆగనిదాని మాట. ఏడెనిమిదేండ్లకు మొలచు పై ముందుపండ్లు కబడ్డీలోనో, సైకిలుపైనుండి పడినపుడో సమూలముగా ఊడివచ్చుట కలదు. ఒక మధ్యాహ్నము వ్యాయామోపాధ్యాయుడొకడు పెదవి చిట్లిన బాలుని వెంటబెట్టుకొని వచ్చి, జేబురుమాలు విప్పి, "మట్టి అంటిందండీ, సబ్బు పెట్టి బాగా రుద్ది కడిగి తెచ్చాం" అని పన్నును ఎంతో శ్రద్ధతో నా చేతిలో ఉంచెను. పైభాగము తళతళలాడుచుండెను, వేరు మాత్రము తడియారి సుద్దముక్కవలె ఉండెను. ఆ వేరును అంటియుండు పలుచని పొరయందలి జీవకణములే పన్నును మరల ఎముకతో బంధింపవలసినవి. తడి లేనిచో అవి గంటలోపుననే నశించును. పన్నును దాని గూటిలో నిలిపి, పక్కపండ్లకు తీగతో కట్టితిని గాని, కాలక్రమమున ఎముక ఆ వేరును కబళించుట తప్పకపోవచ్చునని తల్లికి చెప్పవలసివచ్చెను. ఆ ఉపాధ్యాయునియందు లోపమేమియు లేదు. అతనికి ఎవరును ఎన్నడును చెప్పియుండలేదు.

చేయవలసినది స్వల్పమే. పన్నును తెల్లని భాగమున మాత్రమే పట్టుకొనవలెను; వేరును తాకరాదు, గీకరాదు. మట్టియున్నచో పాలతోగాని, ధారగా పడు చల్లని నీటితోగాని కొన్ని క్షణములు మాత్రమే కడిగి, ముందువైపేదో పోల్చుకొని, గూటిలోనికి మెల్లగా నెట్టి, శుభ్రమైన గుడ్డను కఱపించి తీసికొనిరావలెను. అంత ధైర్యము చాలనిచో చల్లని పాలలో వేసి తేవలెను. బడిపక్కన టీకొట్టు లేని ఊరు మనకు అరుదుగదా! నీటిలో నానవేయుట తగదు, ఆ కణములు ఉబ్బి పగులును. పాలపన్నును మాత్రము మరల పెట్టరాదు. లోపల ఎదుగుచున్న శాశ్వతదంతమునకు హాని. బిడ్డ స్పృహ తప్పినను, వాంతి చేసికొనినను ముందు చూడవలసినది తలను, పన్నును కాదు.

పన్ను తీయించుకొన్న చోట రక్తము కాఱుచుండినచో, మాటిమాటికి ఉమియక, మడచిన గుడ్డను అరగంట గట్టిగా కఱచియుంచినచో సాధారణముగా ఆగును. ఆగనిచో వైద్యుని చూడవలెను.

అన్నిటికంటె నేను భయపడునది వాపు. పైపన్ను తీయించిన చూపు పోవునను అపోహతో, అదే భయమును కింది పండ్లకును అంటగట్టి, నెలల తరబడి వాయిదా వేయువారు ఇప్పటికిని ఉన్నారు. కింది చివరి దవడపండ్ల వేళ్ళు లోతుగా దిగియుండుటచే, వాటి చీము నాలుకక్రిందికిని మెడలోనికిని పాకగలదు. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో వర్ణించిన ఈ వ్యాధి నేటికిని అతని పేరనే లుడ్విగ్ ఆంజైనా అని వ్యవహరింపబడుచున్నది. గడ్డము క్రింద రెండువైపుల గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, మాట ముద్దయై, ఉమ్మి మ్రింగలేక చొంగ కాఱుచున్నచో, ఊపిరిదారియే మూసికొనుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు కాపడములు, పట్టులు పనికిరావు. రోగిని వెల్లకిల పరుండబెట్టక, కూర్చుండబెట్టియే పెద్దాసుపత్రికి తరలింపవలెను. ఆ సమయమున నొప్పి తగ్గినదని రోగి చెప్పినను వినరాదు.

ప్రధానోపాధ్యాయులకు నాదొక విన్నపము: "ఊడిన పన్నును రుద్దవద్దు, పాలలో వేసి వెంటనే తీసుకెళ్లండి" అని మీ బడిగోడపై పిల్లలకు కనబడునట్లు వ్రాయించి, దానిక్రింద దగ్గఱి దంతవైద్యుని ఫోను నంబరును, 108ని చేర్చుడు.