పల్లమెరిగిన చక్రం

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. నీటి తరవాత పల్లాన్ని అంత బాగా ఎరిగినది సైకిలు. కారులో కూర్చున్నవాడి ఎక్కుళ్లూ దిగుళ్లూ ఇంజనే మింగేస్తుంది. ఊరంతా అతనికి ఒకే ఎత్తున ఉంటుంది. సైకిలు మీదున్నవాడికి పెడలు తేలికపడితే దిగుడు, తొడల్లో సన్నగా సెగ పుడితే ఎక్కుడు. హైదరాబాదు నడిబొడ్డున ఆ దిగుళ్లన్నీ ఒకచోటికే పోతాయి. మూసీ నది ఎటుందో కళ్లకు కనబడకముందే కాళ్లు చెప్పేస్తాయి.

కాబట్టి మొదటి దండం పల్లానికి. ఓ పల్లమా, నీ మీద ఎన్ని కట్టారు, ఎన్ని కూల్చారు! నీ నాలాల మీద ఇళ్లు లేపారు, నీ నెత్తిన ఫ్లైఓవర్లు ఎత్తారు, నీ ఒంటి నిండా సిమెంటు పూశారు. నువ్వు కదల్లేదు. వాన పడ్డ రోజున నువ్వే గెలుస్తావు. తెల్లారి ఆరింటికి, చైనుకు నూనె రాసిన సైకిలెక్కి కోఠీలో బయల్దేరినా నువ్వే గెలుస్తావు. మమ్మల్ని నీ దారినే లాక్కుపోతావు.

రెండో దండం ఒంటిపూటకు. ఒంటిపూటా, ఎండాకాలం బడిపిల్లలకు నువ్వెంత వరమో ఈ నగరానికీ అంతే వరానివి. పూర్తి రోజైతే నగరం మమ్మల్ని తరిమేస్తుంది. తొమ్మిదిన్నర దాటాక అఫ్జల్‌గంజ్‌లో సైకిలుకు చోటేదీ? ఆటోలూ బస్సులూ తోపుడుబండ్లూ లేవకముందు, పాల ప్యాకెట్ల ట్రేలు దిగే వేళకూ దుకాణాల షట్టర్లు లేచే వేళకూ మధ్యన, నగరం కాసేపు తన కొలతలు తాను చూపిస్తుంది. మా సైకిలు టూరుకు పది దాకా అది చాలు.

మూడో దండం ముందు సాగే వీపుకి. గైడు కుర్రాడు శాలిబండ వైపు వాడు. బయల్దేరే ముందు వాడు చెప్పిన శాస్త్రమంతా నాలుగు ముక్కలు. "బ్రేకులు రెండూ కలిపి పట్టుండ్రి. ముందర్ది ఒక్కటే పట్టిన్రనుకో, సైకిల్ ఆగుతది, మీరు ఆగరు. చెయ్యి పైకి లేపితే ఆగాలె. కిందికి చూపిస్తే గుంత ఉన్నట్టు. ఫొటో అని నడి రోడ్ల మాత్రం ఆగొద్దు." విజయవాడ నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు సీటు ఎత్తు చూసుకుంటూ అడిగారు: "బాబూ, ఈ గేర్లు నాకు తెలియవు, గేర్లు లేని బండి లేదా?" "ఉంది సార్, కానీ వచ్చేటప్పుడు నన్నే తిడ్తరు," అన్నాడు వాడు. అందరికంటే వెనక ఇంకో కుర్రాడు, వీపున సంచిలో పంపూ పంక్చరు సామానూ. ముందొక వీపు, వెనకొక కాపు. నడుమ మేమంతా ఒక దండలా సాగాలి గానీ, అప్పుడే సాగలేదు. మొదటి మలుపులోనే ముగ్గురు మూడు దార్లు పట్టారు.

కోఠీలో రెసిడెన్సీ భవనం ఎదుటి నుంచే మొదలు. 1803 ప్రాంతంలో బ్రిటిషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దొర కట్టించడం మొదలుపెట్టిన తెల్లని స్తంభాల మేడ. ఇప్పుడది ఆడపిల్లల విద్యాలయం. దొరకూ హైదరాబాదు అమ్మాయి ఖైరున్నిసాకూ నడిచిన ప్రేమకథ అందరూ చెప్పేదే, గైడూ చెప్పాడు. నా ధ్యాస దాని మీద లేదు. పుత్లీబౌలి వైపు తిరగ్గానే పెడలు తేలికైంది. తొక్కడం ఆపినా చక్రాలు ఆగలేదు. ఫ్రీవీలు టిక్‌టిక్‌మంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పల్లమా, పిలిచావు కదూ!

గౌలిగూడ దాటాం. మూసీ ఒడిలోనే కట్టుకున్న పెద్ద బస్‌స్టేషన్ పక్కన కనబడుతుంది. 2025 సెప్టెంబరు చివర జలాశయాల గేట్లెత్తినప్పుడు నది అందులోకి నడిచొచ్చింది, ప్రయాణికుల్ని తాళ్లు పట్టించి బయటికి తేవలసి వచ్చింది. నది తన పాత పడకను మరచిపోలేదు. మనమే దాని మీద టైంటేబులు అంటించాం.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. సైకిలు స్టాండు వేసి దాని కింద నిలబడ్డాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరి మీద పడినప్పుడు, ఈ కొమ్మల మీదికెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. చచ్చిపోయినవాళ్లు పదిహేను వేలని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకుని తానొక్కడు మిగిలాడు. మాస్టారు హెల్మెట్ తీశారు. ఎవరూ చెప్పలేదు, మేమూ తీశాం. చెట్టు మాత్రం చిగురేసి ఉంది. దాని కిందే రోగుల బంధువులు టిఫిను డబ్బాలు విప్పుకుంటున్నారు. చింతమ్మా, నీకు దండం. ఈ ఊళ్లో విగ్రహాలకు కొదవ లేదు, వాటికి పెట్టే నమస్కారాల్లో సగమైనా నీకు రావాలి.

మళ్లీ ఎక్కాం, నయాపూల్ మీదికి. అక్కడ నది కనబడింది. కనబడేలోపే వాసన వచ్చింది. దీన్ని దాచిపెట్టి పొగిడితే స్తోత్రం అబద్ధమవుతుంది. కారువాడు అద్దం ఎక్కిస్తాడు, బైకువాడు వేగం పెంచుతాడు. సైకిలువాడికి ముక్కు మూసుకునే వీలైనా లేదు, రెండు చేతులూ హ్యాండిలుకే అంకితం. నీ నగరం నీ నదిని ఏం చేసిందో నిండా పీల్చుకుని గానీ వంతెన దాటనివ్వదు. సైకిలూ, ఈ నిజాయితీకి కూడా నీకు దండం. నచ్చకపోయినా.

వంతెన నడుమ, బస్సులింకా పలచగా ఉన్నాయి కాబట్టి, గైడు చెయ్యి పైకి లేపాడు. ఎడమా కుడీ చూడమన్నాడు. ఈ గట్టున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, ఆ గట్టున హైకోర్టు గుమ్మటాలు, సిటీ కాలేజీ. అన్నీ వరద తరవాత పుట్టినవే. నీళ్లు తీసిన తరవాత నిజాం సర్కారు ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలను విప్పి, రోడ్లు వెడల్పు చేశారు. మేము పొద్దున్నే తాగివచ్చిన నీళ్లూ, ఇప్పుడు తొక్కుతున్న రోడ్డూ, రెండూ ఆ చావుల తరవాతి ఆలోచనలే. పుస్తకంలో చదివినప్పుడు ఇవి విడివిడి పేరాలు. వంతెన మీద ఒంటికాలు ఆనించి నిలబడితే ఒక్క చూపులో పడతాయి.

ఆ తరవాత మొదలైంది అసలు పాఠం. మదీనా వైపు రోడ్డు మెల్లగా లేస్తుంది. కంటికి ఆ ఎత్తు ఆనదు. మోకాలికి ఆనుతుంది. పత్తర్‌గట్టీ రాతి కమానుల వరసకు కాస్త ఇవతల పక్కదారి పట్టించి గైడు మమ్మల్ని మొహర్రం పీర్లు నిలిపే బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు తీసుకుపోయాడు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో, 1590లలో మొదలైన కట్టడం. లోపలి గోడల నిండా పారశీక పద్ధతి మెరుగు పలకలు. నీలం, పసుపు, పచ్చ, పండిన ఇటుక రంగు; నాలుగు వందల ఏళ్ల తరవాతా ఈ ఉదయమే ఆరినట్టున్నాయి. గైడు వాటినేమీ చూపించలేదు. "కిందికి చూడుండ్రి," అన్నాడు. గోడ కింది భాగంలో ఉన్నవి పలకలు కావు, పలకల బొమ్మలు, రంగులతో గీసినవి. వరద నీళ్లు తగిలిన మేర అసలు పలకలు పాడైపోతే, ఆ మేర రంగు వేసి సరిపెట్టారట. అసలుకూ నకలుకూ నడుమ ఉన్న ఆ గీత 1908 నాటి నీటిమట్టం.

నేను వెనక్కి తిరిగి, మేము ఎక్కి వచ్చిన దారి వైపు చూశాను. నది కనబడదు. ఇళ్లు, తీగలు, బోర్డులు. కానీ వంతెన దగ్గర్నుంచి ఇక్కడి దాకా మోకాళ్లు ఎంత పని చేశాయో అప్పుడే తెలిసింది. అంత పనినీ నీళ్లు ఆ రోజు ఎదురెక్కాయి! ఏ మ్యూజియం అంకె నాకు ఆ వరద ఎత్తు అంత సూటిగా చెప్పలేదు. మోకాలా, చరిత్రకారుడా, నీకో దండం.

ఆ పైన చార్‌కమాన్. నది వైపు నుంచి వచ్చేవాళ్లకు ముందు తగిలేది మఛ్‌లీ కమాన్. నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్, దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాం. అది చూడాల్సిన పద్ధతే అది, గుండ్రంగా. ఎదురుగా చార్మినార్. 1591 నుంచీ నిలబడి, 1889లో నాలుగు గడియారాలు పెట్టించుకుని, రోజూ కొన్ని వేల సెల్ఫీలకు వెనకాల నిలబడే ఓపికమంతురాలు. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక్కటి తప్ప: కారులో వచ్చినవాడికి అది ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది, సైకిలువాడికి తొక్కు తొక్కుకీ పెరుగుతుంది.

చాయ్ దగ్గర ఆగాం. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. డికాక్షను ఒక గిన్నెలో, మరిగి మరిగి చిక్కబడ్డ పాలు ఇంకోదాంట్లో. కప్పులో కలిసేదాకా వాటికి పరిచయం లేదు. మాస్టారు బిస్కెట్ ముంచి, విరిగి పడ్డ ముక్కను స్పూనుతో వెతుక్కుంటూ తన కాలం చెప్పారు. దీపం లేకపోతే పోలీసు ఆపేవాడట, ఇద్దరెక్కితే దింపేవాడట, గంటల లెక్కన అద్దె సైకిలు తెచ్చుకుని నిమిషం ఆలస్యమైతే కొట్టువాడు ఇంకో గంట డబ్బులు రాసేవాడట. "ఇప్పుడు సరదాకి తొక్కుతున్నాం బాబూ, అప్పుడు బతుక్కి తొక్కాం," అన్నారు. మా పక్కనుంచి ఒక పెద్దాయన క్యారియరుకు పావురాల దాణా బస్తా కట్టుకుని, హెల్మెటూ గేరూ ఏదీ లేకుండా, మక్కా మసీదు వైపు నింపాదిగా తొక్కుకుంటూ పోయాడు. ఆయన వైపు చూశాక మా రంగురంగుల హెల్మెట్లు కాస్త అతిగా అనిపించిన మాట నిజం.

మక్కా మసీదు ముందు పావురాలు లేచి పడ్డాయి. 1617లో పునాది, 1694లో ఔరంగజేబు చేతి మీదుగా ముగింపు. ఇంటి పని ఆలస్యమైందని మేస్త్రీని తిట్టుకునేవాళ్లు ఒకసారి వచ్చి చూడాలి. చౌమహల్లా గేటు ఇంకా తెరవలేదు, వదిలేశాం. దక్షిణాన ఫలక్‌నుమా గుట్ట వైపు గైడు చెయ్యి చూపించి, "అది ఎక్కాలంటే ఒంటిపూట సరిపోదు," అనగానే అందరి ముఖాల్లో తెలిసిపోయింది, ఎంత సంతోషించామో.

పడమరకు తిరిగాం. లాడ్ బజార్ మూసి ఉంది, మూసి ఉంటేనే చక్రాలు దూరేది. సాయంత్రం గాజుల మెరుపులో కనబడని పై అంతస్తు చెక్క కిటికీలు అప్పుడు కనబడ్డాయి. మహబూబ్ చౌక్ గడియార స్తంభం, దాని పక్క కోళ్ల అరుపులు, హుసేనీ ఆలం మలుపు. ఆ తరవాత, ఆహా, మళ్లీ నువ్వే, పల్లమా! కాలు కదపక్కర్లేదు, బ్రేకు మీద రెండు వేళ్లు చాలు, ఫ్రీవీలు పాట అందుకుంది, గాలి చొక్కాలో దూరి వీపున బుంగలా లేచింది, నల్లా దగ్గర బిందెలు కడుగుతున్న ఆడవాళ్లు, అరుగు మీద పేపరు పట్టుకున్న ముసలాయన, వేపపుల్ల నములుతున్న పిల్లాడు, నాన్ రొట్టెల పొయ్యి లోంచి వచ్చే కాలిన పిండి వాసన, ఏదో ఇంట్లో సుప్రభాతం, ఏదో ఇంట్లో రేడియో వార్తలు, అన్నీ ఒక్కో తొక్కు దూరంలో వచ్చి, పలకరించి, వెనక్కి పోయాయి. "హలో సార్!" అని ఒక బుడ్డోడు మా వెంట పరిగెత్తాడు. మాస్టారు అరవై దాటిన మనిషి, రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసి చాపి, ట్రింగ్ ట్రింగ్‌మని బెల్లు కొట్టారు. సీసా మూతంత ఇత్తడి బెల్లూ, హారన్లు చచ్చేంత అరిచినా లేవని జనం నీ చిన్న పిలుపుకు నవ్వి పక్కకు జరుగుతారు, నీకు దండం.

ఆ పల్లం తీసుకుపోయి విడిచిపెట్టేది పురానాపూల్ దర్వాజా దగ్గర. ఆ పాత కోటగుమ్మం దాటితే పాత వంతెన, 22 కమానుల మీద. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో పూర్తయింది. చార్మినార్ కన్నా పదమూడేళ్లు పెద్దది. అంటే ఊరు పుట్టకముందే ఊరికి వెళ్లే దారి పుట్టింది. గోల్కొండ నుంచి నది దాటాలన్న కోరికే హైదరాబాదుకు పెద్దక్క. 1908లో అఫ్జల్ వంతెనా, ముసల్లంజంగ్ వంతెనా, చాదర్‌ఘాట్ వంతెనా కొట్టుకుపోతే, అన్నిటికన్నా ముసలిదైన ఇదొక్కటే నిలిచి రెండు గట్లనూ పట్టుకుంది. ఈ పూట దాని ఒంటి మీద కూరగాయలు. ఆకుకూర కట్టలూ టమాటా గుట్టలూ గోనెసంచుల మీద పరిచి ఉన్నాయి. సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి, తొక్కితే అమ్మేవాళ్లు ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా.

అవతలి గట్టున గైడు ఆగి మమ్మల్ని వరసగా చూశాడు. జుమేరాత్ బజార్, బేగంబజార్, సిద్దిఅంబర్ బజార్, మొజంజాహీ మార్కెట్. అదీ మిగిలిన దారి. నదికి వీపు తిప్పాం కాబట్టి ఇకనంతా ఎక్కుడే. అప్పటికి షట్టర్లు లేచాయి, మిరపకాయ బస్తాలు దిగుతున్నాయి, ఘాటుకు తుమ్ములు వరసగా వెనక్కి పాకాయి. ఎండ వీపు మీదికి వచ్చింది. మాస్టారు గేరు లివరు వైపు చూసి, వెనక కాపు కుర్రాణ్ణి పిలిచారు. "ఎటు తిప్పాలి బాబూ దీన్ని?"

"కిందికి సార్, కిందికి! చెప్పిన గదా, తిడ్తరని!" ముందు నుంచి గైడే అరిచాడు, వెనక్కి తిరక్కుండా, ఒక చెయ్యి గుంత వైపు చూపిస్తూ. "ఆగకుండ్రి ఎవ్వరూ! ఆగితే మళ్ల ఎక్కలేరు, తొక్కుండ్రి!"